కాగులో కాలిన కోడి

మా కల్లంలో తేజ, 355 బ్యాడిగ మిరపకాయలు పక్కపక్కనే ఆరబోసి ఉంటాయి. గట్టు మీద నుంచి చూస్తే రెండూ ఎరుపే. దగ్గరికెళ్తే తేజ తుమ్ము తెప్పిస్తుంది, బ్యాడిగ ఒళ్లంతా ముడతలు పడి చేతికి రంగంటించి ఊరుకుంటుంది. తందూరీ చికెన్ గురించి రాస్తూ కోడిని వదిలి కాయ దగ్గర మొదలుపెట్టిందేంటి ఈవిడ అనుకోకండి. హోటల్లో ఆ ముక్క మీదుండే ఎరుపు ఏ కాయదో మిరప పండించేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. ఒక్కోచోట అది ఏ కాయదీ కాదని కూడా తెలిసిపోతుంది.

వంటల పుస్తకాలు కాశ్మీరీ మిర్చి వాడమంటాయి. గురజాల కిరాణా కొట్లో అది దొరకలేదని బెంగ పెట్టుకోనక్కర్లేదు. దాని పని బ్యాడిగ చేస్తుంది. బ్యాడిగ పుట్టిల్లు కర్ణాటకలోని హావేరి జిల్లా. ఇప్పుడు గుంటూరు యార్డు ధరల పట్టీలో తేజ, 334, 341 సరసన దానికీ ఒక వరస ఉంది. కిలో కోడికి పది బ్యాడిగ కాయలు తీసుకుని, గింజలు దులిపి, వేణ్ణీళ్లలో అరగంట నానేసి మెత్తగా రుబ్బుతాను. పల్నాటి నాలుకలకు అది చప్పగానే ఉంటుంది కాబట్టి రెండు తేజ కాయలు చేరుస్తాను, అంతకు మించి వద్దు. రంగు, కారం రెండూ ఒకే కాయలో ఉన్నా వేటి దారి వాటిదే. కారం క్యాప్సైసిన్‌ది, ఎరుపు క్యాప్సాంథిన్‌ది. ఈ ఎరుపు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే రుబ్బిన ముద్దను గోరువెచ్చటి వేరుశనగ నూనెలో కలిపి కాసేపు వదిలేస్తే రంగు దానంతటదే విచ్చుకుంటుంది. ఉత్తరాది వాళ్లు ఆవనూనె వాడతారు. మా ఇంట్లో ఆ వాసన ఎవరికీ గిట్టదు.

చిటికెడు రంగు పొడి వేస్తే ఈ యాతనంతా తప్పుతుంది కదా అంటారు. కబాబుల్లో కృత్రిమ రంగులు వాడకూడదని కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో నిషేధమే పెట్టింది. అమ్ముకునేవాళ్ల తిప్పలు వాళ్లవి. మన పొయ్యి దగ్గర మనకేం ఖర్మ?

ఇంతకీ రంగు, మసాలా కలిస్తే తందూరీ అయిపోదు. మా మరిది ఒకసారి మసాలా ప్యాకెట్ తెచ్చి, "వదినా, ఇది పూసి పెనం మీద వేయించు, తందూరీ అయిపోద్ది" అన్నాడు. "అది వేపుడు అయిద్దిగానీ తందూరీ ఎట్టా అయిద్ది అబ్బాయ్?" అన్నాను. పెనం కింద నుంచి మాత్రమే కాలుస్తుంది. ముక్కలోంచి ఊరిన నీళ్లు దాని చుట్టూనే నిలబడతాయి. తందూరులో ముక్క దేన్నీ ఆనుకోదు, చువ్వకు గుచ్చుకుని గాల్లో ఉంటుంది. కాలిన మట్టి గోడ అన్ని వైపుల నుంచీ సెగ కొడుతుంది. పైకి లేచే వేడిగాలి తడిని ఎగరేస్తుంది. కొవ్వు చుక్కలు కింద నిప్పుల మీద పడి పొగై మళ్లీ ముక్కకే పడతాయి. పొడి సెగ, గాలి, పొగ. ఈ మూడూ లేకపోతే ఎంత మసాలా పూసినా దండగ.

పొయ్యి సామాను లేకుండా కోడిని వండటం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. మారేడుమిల్లి, అరకు దారుల్లో బొంగులో చికెన్ ఉంది. గుంటూరు జిల్లా గుడివాడ గ్రామానికి చెందిన మస్తానమ్మ వందేళ్లు దాటిన వయసులో పుచ్చకాయ డొల్లలో కోడిని వండి యూట్యూబ్‌లో దేశదేశాలకూ తెలిసింది. 2018లో కన్నుమూసింది. అయితే బొంగులోనూ, పుచ్చకాయలోనూ కోడి తన ఆవిరికి తానే ఉడుకుతుంది. తందూరుది ఎదురు దారి, అక్కడ ఆవిరి బయటికి పోవాలి. కాబట్టి మూత పెట్టి మగ్గించే మన అలవాటు ఇక్కడ మానుకోవాలి.

తందూరు రొట్టెల కోసం పుట్టింది. రాజస్థాన్‌లోని కాళీబంగన్ తవ్వకాల్లో హరప్పా కాలం నాటి అలాంటి మట్టి పొయ్యిలు బయటపడ్డాయి. కోడిని అందులో కాల్చి హోటల్ వంటగా పేరు తెచ్చింది మాత్రం పెషావర్ నుంచి దేశ విభజనప్పుడు ఢిల్లీ చేరినవాళ్లు. 1947లో దర్యాగంజ్‌లో పెట్టిన మోతీ మహల్, దాని కుందన్ లాల్ గుజ్రాల్ అలా చరిత్రకెక్కారు.

ఇక మన తందూరు. మూతి ఇరుకుగా, పొట్ట వెడల్పుగా ఉన్న మట్టి కాగు ఒకటి కావాలి. అడుగుకు కాస్త పైన పక్కగా పిడికిలి పట్టేంత బెజ్జం కొట్టాలి. గాలి ఆడేది అక్కడే, బూడిద లాగేదీ అక్కడే. కాగును పెద్ద ఇనప డ్రమ్ములో దించి, డ్రమ్ము పక్కన కూడా అదే ఎత్తులో బెజ్జం చేసి, చుట్టూ ఖాళీలో ఇసుక, బూడిద దట్టించాలి. లేకపోతే గోడ వేడిని నిలుపుకోదు. మూతి చుట్టూ పూతకు మా నల్లరేగడి పనికిరాదు, ఆరగానే చేలో బీటలు వారినట్టే వారుతుంది. పొట్టు కలిపిన పుట్టమన్ను నిలబడుతుంది. ఆరాక కొత్త కాగును ఒక్కసారిగా మండించకూడదు. మొదటిరోజు గుప్పెడు నిప్పులతో వెచ్చబెట్టి వదిలేయాలి.

కొన్ని వద్దులున్నాయి. జింకు పూత బకెట్లు, జింకు పూత చువ్వలు వద్దు, కాలితే విషపు పొగ వస్తుంది. పూత లేని ఇనప చువ్వలే వాడాలి. పల్నాట్లో ఎక్కడ చూసినా నాపరాయే కదా అని దాన్ని నిప్పు కింద పరవద్దు, లోపలి చెమ్మకు పెళ్లలు పేలి మొహాన కొడతాయి. పత్తికట్టె, మిరపకట్టె చేతికి దగ్గరే ఉంటాయి గానీ, కొట్టిన మందులన్నీ వాటి మీదే ఉంటాయి. పైగా మిరపకట్టెకు ఒక్క కాయ మిగిలున్నా బజారంతా దగ్గుతుంది. సర్కారు తుమ్మ బొగ్గులు మేలు. గట్టివి, ఆగి కాలతాయి, పొగ తక్కువ. ఇదంతా ఆరుబయటే. తలుపులేసిన గదిలో బొగ్గులు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ పట్టి ప్రాణాలు పోతాయి.

కోడి సంగతికొస్తే, మా పల్నాడు కోడిపందెంలో రాజ్యాన్ని ఒడ్డిన సీమ. కారంపూడి వీరుల ఉత్సవాల్లో నాలుగో రోజును ఇప్పటికీ కోడిపోరు అనే పిలుస్తారు. అంత మాత్రాన నాటుకోడి పుంజును తందూరుకెక్కించకండి. తిరిగిన కోడి కండ గట్టిది, దానికి పులుసులో నింపాదిగా ఉడికే యోగమే రాసి ఉంది. శుభ్రం చేశాక కిలోకు మించని ఫారం కోడి తీసుకోండి. షాపులో ముందే చెప్పాలి, లేకపోతే మాట పూర్తయ్యేలోపు కూరముక్కలు కొట్టేస్తారు. తోలు తీసి నాలుగు ముక్కలు చాలు. ఎముక తగిలేదాకా గాట్లు పెట్టి ముందు ఉప్పు, నిమ్మరసం, సగం మిరపముద్ద రుద్ది అరగంట ఉంచాలి. తర్వాత గుడ్డలో వేలాడగట్టి నీరు దించిన గేదె పెరుగు, అల్లం వెల్లుల్లి, జీలకర్ర పొడి, గరం మసాలా, మిగిలిన మిరపముద్ద. పెరుగులో నీరుంటే పూత జారి నిప్పుల్లో పడుతుంది. పచ్చి బొప్పాయి మెత్తబరుస్తుంది గానీ చెంచా దాటితే కండ పిండైపోతుంది. నేను వేయను. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, కాల్చే ముందు కాసేపు బయట పెడతాను.

నిప్పు రాజుకున్న కొత్తలో కాగు గోడ లోపల మసిబారుతుంది. ఆ మసి కాలిపోయి గోడ మళ్లీ శుభ్రంగా తేరితే కాక ఎక్కినట్టు. మూతి మీద అరచెయ్యి పెట్టి మూడు లెక్కపెట్టలేకపోవాలి. (రెంటచింతలలో మే నెలైతే నిప్పు లేకుండానే ఆ పరీక్ష నెగ్గొచ్చని మా మరిది అంటాడు.) ముక్కలు గుచ్చిన చువ్వల్ని నిటారుగా దించితే ఎనిమిది, పది నిమిషాల్లో పైపూత అక్కడక్కడా నల్లబడుతుంది. అప్పుడు బయటికి తీసి ఐదు నిమిషాలు ఆరనివ్వండి. ఈ విరామం హోటల్ వంటవాళ్ల పద్ధతే. పైవేడి నెమ్మదిగా లోపలికి దిగుతుంది, ఊరిన నీరు కారిపోతుంది. నెయ్యి రాసి మళ్లీ ఐదారు నిమిషాలు దించాలి. తొడ ఎముక దగ్గర పొడిస్తే ఎర్రనీరు రాకూడదు. థర్మామీటరుంటే 74 డిగ్రీలు చూపాలి.

కాగు, డ్రమ్ము కుదరని అపార్టుమెంటు వాళ్లు గ్యాసు మంట మీద జాలీ పెట్టి కాల్చుకుని, గిన్నెలో ముక్కల మధ్య చిన్న కటోరీలో నిప్పు కణిక ఉంచి, దాని మీద నెయ్యి చుక్క వేసి రెండు నిమిషాలు మూతేయొచ్చు. పొగ వాసన వస్తుంది, అంచుల కరకర రాదు.

వేడి ముక్కలకు ఉల్లిచక్రాలు, నిమ్మచెక్క చాలని నా లెక్క. మా అత్తయ్య లెక్క వేరు. "బానే కాలిందమ్మాయ్, ఇందులోకి పులుసేది?" అంటుంది. మిగిలిన తందూరీ ముక్కలు ఎండిపోకుండా వెన్న, టమాటా గుజ్జులో వేయడంతోనే బటర్ చికెన్ పుట్టిందని మోతీ మహల్ వాళ్ల మాట. ఆ పుట్టుక మాదంటే మాదని 2024లో ఢిల్లీ హైకోర్టులో 2 కోట్ల రూపాయల దావా పడింది. మా ఇంట్లో మిగిలిన ముక్కల్ని అత్తయ్య ఎముకల నుంచి విడదీసి, మర్నాడు పొద్దున గోంగూరలో వేసేస్తుంది.