‘రిజర్వు’ విలాసములు

1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగిన భిలాయి ఉక్కునగరమున, సెక్టర్ 2లోని తెలుగువారు పండుగకు విశాఖ పోవలెనన్న ముందుగా దుర్గు స్టేషనులో బెర్తు రిజర్వు చేయించుకొందురు. దల్లీ రాజహరా గనులలో భూగర్భమున మిగిలియున్న ఇనుపఖనిజమును ఇంజనీర్లు రిజర్వులందురు. మితభాషియగు పొరుగువానినో, ‘ఆయన కాస్త రిజర్వుడండీ’ యని ఇరుగువారు తేల్చివేయుదురు.

వీనిలో నాకు మిక్కిలి ప్రియమైనది పాత స్కూటరు రిజర్వు. ట్యాంకులోపల పొడుగుదొకటి, పొట్టిదొకటి గొట్టములుండును. పెట్రోలు మట్టము పొడుగుదాని నోటికన్న దిగజారగనే బండి గునిసి నిలిచిపోవును, ‘రిజర్వులో పడింద’నుకొనుచు ట్యాపు త్రిప్పినచో, పొట్టిగొట్టము అడుగుననున్న చమురు నందించి బంకువరకు చేర్చును.

1935లో నెలకొన్న రిజర్వుబ్యాంకు కూడ ఇట్లే బ్యాంకుల డిపాజిట్లలో కొంతవాటాను తనయొద్ద కదలనీక యుంచును. కాని, ఆ ట్యాపు మనచేతిలో లేదు.