మీకు తెలుసా? వలయాలు పోగొట్టుకున్న మహా మర్రి

చెట్టు వయసు తెలియాలంటే నరకనక్కర్లేదు. బోలు బర్మాతో మానులోంచి పెన్సిలంత సన్నని పుల్ల తీసి, అందులో ఏడాదికొకటిగా ఏర్పడ్డ వలయాలు లెక్కపెడితే చాలు. వెడల్పు వలయమంటే ఆ ఏడు చెట్టు బాగా పెరిగిందన్నమాట. టేకులో ఇవి స్పష్టంగా కనిపిస్తాయి. మామిడి, మర్రి వంటి వాటిలో పోల్చుకోవడం కష్టం.

హౌరాలో, శిబ్‌పూర్ బొటానిక్ గార్డెన్‌లోని మహా మర్రికి ఆ కాస్త ఆధారమూ లేదు! 1864, 1867 తుపానులకు దెబ్బతిన్న దాని అసలు మాను శిలీంధ్రం సోకి కుళ్లిపోగా, 1925లో తొలగించారు. తొలినాళ్ల వలయాలూ దానితోనే పోయాయి. 250 ఏళ్లు పైబడిందన్నది అంచనాయే. ఏ ఊడను తొలిచినా అది నేల తాకిన తర్వాతి కథే చెబుతుంది. అలాంటి ఊడలు 3,500కు పైగా కలిసి, ఆ పచ్చని పందిరిని నేటికీ మోస్తున్నాయి.