మీకు తెలుసా? కొత్త కుంటకు కాపురాలు ఎలా వస్తాయో!

పొలంలో కొత్తగా తవ్విన కుంటలో వాన నీళ్లు నిలిస్తే చాలు, పిలవకుండానే కాపురాలు మొదలవుతాయి. రెక్కలున్న తూనీగలు, నీటి పురుగులు ముందే దిగుతాయి. కప్పల సంగతి చెప్పక్కర్లేదు. మరి నత్తలో? బాతుల కాళ్లకు అంటుకుని కూడా రాగలవు. డార్విన్ అక్వేరియంలో బాతు కాళ్లు వేలాడదీసి చూశాడు. వాటిని పట్టుకున్న నత్త పిల్లలు నీళ్లు లేకపోయినా తేమ గాలిలో 12 నుంచి 20 గంటలు బతికాయి. ఆయనే ఓ చిన్న కుంట అంచు నుంచి మూడు పెద్ద చెంచాల బురద తెచ్చి గదిలో ఆరు నెలలు ఉంచితే, 537 మొక్కలు మొలిచాయి! అంటే బాతుల కాళ్లకు అంటిన బురదతో విత్తనాలూ రాగలవన్నమాట.

చేపల కథ ఇంకా విడ్డూరం. హంగరీ పరిశోధకులు 2020లో వెల్లడించిన ప్రయోగంలో, బాతులు మింగిన కార్ప్ చేప గుడ్లలో సుమారు 0.2 శాతం రెట్టలో చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. వాటిలో కొన్ని పిల్లలయ్యాయి కూడా.