ఆటగాని అంతస్తును తూచువా రెవరు?

వరంగల్లు బాటను ఘట్‌కేసరునుండి పట్టణమునకు వచ్చువారికి ఉప్పల్ దాటినంతనే క్రికెట్టు మైదానపు దీపస్తంభములు కన్నులబడును. 2005 సంవత్సరము నవంబరు 16వ తేదీన భారత, దక్షిణాఫ్రికా జట్ల పోటీతో అచ్చట అంతర్జాతీయ క్రీడ ప్రారంభమయ్యెను. ఈ తూర్పు భాగమున ఆటగాండ్రనుగూర్చిన ముచ్చట సాగని టీకొట్టు లేదు, రైలుపెట్టె లేదు, కళాశాల వసతిగృహము లేదు. ఎవడు మొదటివాడు, ఎవడు రెండవవాడు, ఎవనిని జట్టులో చేర్చుట అన్యాయము, ఎవనిని విడుచుట అపచారము అను వాదములు ఉప్పల్‌నుండి ఘట్‌కేసరువరకు ఎడతెగక సాగుచుండును. ఇది దోషము కాదు. ప్రజలకు అభిప్రాయముండుటయే ఆటకు ప్రాణము.

అయితే అభిప్రాయములు రెండు విధములు. ఒకటి నలుగురిలో తన పేరుతో చెప్పబడి, కారణము చూపి, తప్పైనచో నిందకు పాత్రమగునది. రెండవది మూసిన తలుపుల వెనుకనుండి నిర్ణయరూపమున వెలువడి, అడిగినవారికి జవాబు చెప్పనిది. మొదటిది విమర్శ యనిపించుకొనును. రెండవది నిరంకుశాధికారము. మన క్రీడారంగమును పట్టిన రోగ మీ రెండవదియే.

ఈ భేదము తెలియుటకు అమెరికాదేశపు బాస్కెట్‌బాల్ క్రీడను చూడుడు. అచ్చట ఆటగాండ్ర తరతమములు నిర్ణయించుటలో పత్రికావిలేఖరులకు పెద్ద పాలు గలదు. 1949 సంవత్సరమునుండి అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థవారు క్రీడావిలేఖరుల ఓట్లు సేకరించి కళాశాల జట్ల వరుసను ప్రకటించుచున్నారు. వృత్తిక్రీడాకారుల సమాఖ్యయగు ఎన్.బి.ఏ.లో ఏటేటి ఉత్తమ క్రీడాకారుని ఎన్నిక కూడ విలేఖరులును ప్రసారకులును గల మండలి యోట్లచేతనే జరుగును. 2000 సంవత్సరమున షకీల్ ఓనీల్ 121 ఓట్లలో 120 పొందెను. మిగిలిన యొక్క ఓటు అలెన్ ఐవర్సన్‌కు పడెను. 2013లో లెబ్రాన్ జేమ్స్‌కును సరిగా అట్లే జరిగెను. ఆ యొక్క ఓటును కార్మెలో ఆంథొనీకి వేసినవాడు బోస్టన్ గ్లోబ్ విలేఖరి గారీ వాష్‌బర్న్. అతడు దాగికొనలేదు. తన పత్రికలోనే తన పేరుతో కారణము వ్రాసెను. కోపించినవారు కోపించిరి, నవ్వినవారు నవ్విరి. కాని ఎవరితో వాదింపవలెనో అందరికిని తెలిసెను. 2016లో స్టీఫెన్ కరీ 131 ఓట్లను అన్నింటిని పొంది, ఏకగ్రీవముగా ఎన్నికైన మొదటివా డయ్యెను.

అచ్చటను తగవులు లేకపోలేదు. 2017 నుండి అమలైన ఒప్పందము ననుసరించి, విలేఖరుల ఓట్లతో ఏర్పడు ఉత్తమ జట్టులో స్థానము దొరకుట కొందరు ఆటగాండ్రకు అత్యధిక వేతనపు అర్హతను గలిగించును. ఒక విలేఖరి కలపు గీతవలన కోట్లకొలది డాలర్ల లాభనష్టములు కలుగవచ్చునన్నమాట. వార్త వ్రాయువాడు వార్తను సృష్టింపరాదను నియమముతో న్యూయార్క్ టైమ్స్ వంటి పత్రికలు తమవారిని ఈ యోటింగునకు పోనీయవు. ఇంతటి వివాదమునందును ఒక మర్యాద మాత్రము నిలిచియున్నది. ఎవరి ఓటు ఎవరికి పడెనో సమాఖ్యవారు లోకమునకు వెల్లడింతురు.

ఇక మన ఉప్పల్ సంగతి విచారింతము. మైదానపు గ్యాలరీకి ఆటగాని పేరు పెట్టుట కూడ ఒక తరగతి నిర్ణయమే. పత్రికలోని పట్టిక వారమునకు మారును. సిమెంటుపై చెక్కిన పేరు తరములవరకు నిలుచును. మహమ్మద్ అజారుద్దీన్ తన మొదటి మూడు టెస్టులలోను మూడు శతకములు చేసిన ఘనుడు. 99 టెస్టులలో 6,215 పరుగులు చేసినవాడు. 2000 సంవత్సరమున పందెపు కుట్రల వ్యవహారమున అతనికి జీవితకాల నిషేధము విధింపబడెను; 2012లో ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానము ఆ నిషేధము చెల్లదని తీర్పు చెప్పెను. వి.వి.యస్. లక్ష్మణ్ 2001లో కలకత్తా ఈడెన్ తోటలో ఆస్ట్రేలియాపై 281 పరుగులు చేసి చేజారిన టెస్టును నిలిపినవాడు. 134 టెస్టులాడియు, ఒకరోజు పోటీల ప్రపంచకప్పున ఒక్కసారియైనను ఆడింపబడనివాడు. ఇరువురును హైదరాబాదు బిడ్డలే.

2019లో అజారుద్దీన్ హైదరాబాదు క్రికెట్ సంఘమునకు అధ్యక్షుడయ్యెను. ఆ యేడాదియే ఉప్పల్ మైదానపు ఉత్తరపు గ్యాలరీకి అతని పేరు పెట్టబడెను. అచ్చట అంతకుముందే లక్ష్మణ్ పేరుండెనని ఒక సభ్యక్లబ్బు ఫిర్యాదు చేసెను. 2025 ఏప్రిలున సంఘపు అంబుడ్స్‌మన్, విశ్రాంత న్యాయమూర్తి వి. ఈశ్వరయ్యగారు ఆ పేరు తొలగింపుడని ఆజ్ఞాపించిరి. అజారుద్దీన్ ఉన్నత న్యాయస్థానమున కెక్కెను. పేరు తొలగింపవలదని న్యాయస్థానము ఆ నెలాఖరున ఉత్తరువిచ్చెను.

అంతట పురమంతయు ఇరువురిలో ఎవరు గొప్పవారని చీలి వాదించెను. ఆ ప్రశ్నకు ఇచ్చట తావు లేదు. అజారుద్దీన్ మణికట్టు విలాసమును కాదనువాడు ఆట చూడనివాడే. కాని పెండ్లిపీటలపై కూర్చున్నవాడే పౌరోహిత్యము వహించినచో, మంత్రము సరిగా చదివినను చూచువారికి సందేహము తీరదు. ఆ గౌరవమునే అతడు పదవి విడిచిన పిదప, సర్వసభ్యసభలో ఇతరులు ప్రతిపాదించి యిచ్చియుండినచో న్యాయస్థానమువరకు పోవలసిన పని యుండెడిది కాదు. 2025 అక్టోబరున విశాఖపట్టణపు మైదానమున ఒక గ్యాలరీకి మిథాలీ రాజ్ పేరు పెట్టిరి. ఆ సూచన చేసినది స్మృతి మంధానా, చేసినది బహిరంగముగా. సూచించినవా రెవరో, కారణమేమో తెలిసినందున ఆ గౌరవము నిష్కళంకముగా నిలిచెను.

పేర్ల తగవు పైకి కన్పించు పుండు మాత్రమే. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ సంఘపు వ్యవహారములను విశ్రాంత న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావుగారి చేతిలో పెట్టవలసివచ్చెను. కొద్దిమంది వ్యక్తులును వారి బంధువులును అనేక క్లబ్బులను చేతబట్టుకొనియున్నారని ఆయన కనుగొని 57 క్లబ్బులను ఓటింగునుండి తప్పించెను. ఆపైని జరిగిన యెన్నికలో గెలిచిన అధ్యక్షుడు 2025 జూలైలో నకిలీపత్రముల యభియోగముపై నిర్బంధింపబడెను. దోషనిర్ణయము న్యాయస్థానముల పని. కాని కంచెయే చేను మేయుచున్నదను అనుమానము రైతునకు కలిగినపిమ్మట పంట మాట యేమి?

ఇచ్చట పంట యనగా మన పిల్లలు. ఘట్‌కేసరులోనో నాచారములోనో ఒక కూలివాని కుమారు డున్నాడనుకొనుడు. తెల్లవారకముందే బ్యాటుసంచి భుజమున వేసికొని బస్సెక్కి లీగు పోటీకి పోవును. పరుగులు చేయును. జట్టు పట్టికలో పేరుండదు. ఎందుకు లేదో చెప్పువారుండరు. ఓడినవాడు మరల సాధన చేయును. కారణము తెలియక త్రోసివేయబడినవాడు బ్యాటును అటకపై పెట్టును. మనము పోగొట్టుకొనుచున్నది వీరినే.

కారణము చెప్పుటవలన ఎన్నికదార్లు అవమానము పాలగుదురని కొందరి భయము. 2019 ప్రపంచకప్పు జట్టు వృత్తాంతము చూడుడు. ఎన్నికసంఘాధ్యక్షుడు గుంటూరు వాడైన ఎం.ఎస్.కె. ప్రసాద్, విడువబడినవాడు ఆ గుంటూరుననే పుట్టి హైదరాబాదు జట్టున పేరుగాంచిన అంబటి రాయుడు. విజయ్ శంకర్ బ్యాటింగు, బౌలింగు, ఫీల్డింగు మూడును చేయగలడు గనుక మూడు పార్శ్వములు గలవాడని ప్రసాద్ బహిరంగముగా చెప్పెను. మూడు పార్శ్వముల కళ్ళద్దములు కొనుచున్నానని రాయుడు ఎత్తిపొడిచెను. దేశమంతయు నవ్వెను. తరువాత విజయ్ శంకర్ గాయపడగా, అదనపు పట్టికలో నున్న రాయుని విడిచి, అప్పటికి ఒక్క ఒకరోజు పోటీయైనను ఆడని మయాంక్ అగర్వాల్‌ను పిలిచిరి. ఏప్రిలున చెప్పిన కారణము జూలైలో ఏమయ్యెనని ప్రజలు నిలదీయగలిగిరి. ప్రసాద్ మౌనము వహించియుండినచో ఆ ప్రశ్నకు ఆధారమే యుండెడిది కాదు. కారణము చెప్పినవానిని నవ్వవచ్చును, ఖండింపవచ్చును. కాని అతడు చేసిన పని సరియైనదే.

ఈ ధర్మము ప్రేక్షకులకును వర్తించును. 2019 ఐ.పి.ఎల్.లో రాణింపనపుడు, పోయి తండ్రితో ఆటో నడుపుకొమ్మని తన్ను నిందించిరని మహమ్మద్ సిరాజ్ స్వయముగా చెప్పెను. ఆ మాటలో బంతిని గూర్చిన విమర్శ యేది? ఆటో నడిపి బిడ్డను ఇంతవాని చేసిన తండ్రికి అది అవమానమా, అట్లనిన నోటికి అవమానమా? 2025 ఆగస్టు 4వ తేదీన లండను ఓవల్ మైదానమున ఆ సిరాజే ఐదవ వికెట్టు పడగొట్టి భారతదేశమును ఆరు పరుగులతో గెలిపించెను. ఆనాడు చప్పట్లు కొట్టినవారిలో మునుపటి నిందకు లెందరో! పేరు దాచుకొన్న నింద తలుపు మూసికొన్న నిర్ణయమునకు తోబుట్టువు.

కాబట్టి చేయవలసినది స్పష్టము. జిల్లాజట్టు మొదలు రాష్ట్రజట్టువరకు ఎన్నికదార్లు తమ పేర్లను, ఆటగాండ్ర లెక్కలను, నిర్ణయకారణములను ప్రకటింపవలెను. క్లబ్బుల యజమాను లెవరో జనులందరికి తెలియవలెను. పదవిలో నున్నవాని పేరు ఆ పదవీకాలమున ఏ గోడమీదను చెక్కరాదు. పత్రికలవారమును, ప్రేక్షకులమును మనము వ్రాసినదానిక్రింద చేవ్రాలు చేయవలెను. ఇన్ని చేసినను తప్పులు దొరలకపోవు. ఏ ఆటగాడు గొప్పయను తగవు తెగనే తెగదు, తెగనక్కరయు లేదు. తనను తూచినవా రెవరో, ఏ తూనికరాళ్లతో తూచిరో తెలిసికొను హక్కు మాత్రము ఘట్‌కేసరు కుర్రవానికి దక్కి తీరవలెను.