తీర్పు చేతికొచ్చింది... చెల్లుబాటు మాటేమిటి?

13 మంది న్యాయమూర్తులు, 7-6 తేడా, 1973 ఏప్రిల్ 24. కేశవానంద భారతి కేసు గురించి ఈ మాత్రం పోటీ పరీక్షలకు చదివే పిల్లలూ చెబుతారు. ఆ తీర్పు ఎక్కడ దొరుకుతుందని అడిగితేనే వకీళ్లు ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతారు. ఏఐఆర్ అనే తీర్పుల సంకలనం వాడేవారికి అది 1973 సంపుటంలో 1461వ పేజీ. ఎస్‌సీసీ అనే మరో సంకలనం వాడేవారికి అదే ఏడాది నాలుగో సంపుటంలో 225వ పేజీ. సీనియర్ ఆఫీసులో ఏ పుస్తకాల సెట్టు ఉంటే జూనియర్‌కు ఆ అంకెలే దిక్కు.

2023లో ఈ తిప్పలు చాలావరకు తగ్గాయి. ఆ జనవరి 2న సుప్రీంకోర్టు ఈ-ఎస్‌సీఆర్ పేరుతో దాదాపు 34,000 తీర్పులను ఉచితంగా తెరిచిపెట్టింది. ఏ ప్రచురణకర్తతోనూ ముడిపడని సొంత నంబరు తీర్పులకు ఇవ్వడం కూడా ఆ ఏడాదే మొదలైంది. ‘2023 ఐఎన్‌ఎస్‌సీ 1’ తరహాలో ముందు ఏడాది, తర్వాత కోర్టు గుర్తు, చివర వరస సంఖ్య. అంతకు చాలా ముందే, 2008లో, ఇండియన్ కానూన్ వెబ్‌సైట్ తీర్పులను ఎవరైనా పైసా కట్టకుండా వెతుక్కునేలా చేసింది. దీనికి చట్టం అడ్డు రాదు. కోర్టు ఇచ్చిన తీర్పు పాఠాన్ని ఎవరైనా ప్రచురించుకోవచ్చు. ఎడిటర్లు సొంత నైపుణ్యంతో చేర్చిన వాటికే కాపీరైటు వర్తిస్తుందని 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

సొంత కేసు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకోవడం ఇంకా తేలిక. జిల్లా కోర్టుల్లో ప్రతి కేసుకూ 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. రాష్ట్రానికి 2, జిల్లాకు 2, కోర్టుకు 2, కేసుకు 6, ఏడాదికి 4. ఈ-కోర్టుల సైట్‌లో గానీ యాప్‌లో గానీ అది కొడితే వాయిదా తేదీ, గత ఉత్తర్వులు వచ్చేస్తాయి. దేశంలో జిల్లా, తాలూకా కోర్టుల్లోనే 4 కోట్లకు పైగా కేసులు పెండింగులో ఉన్నాయి. గుమస్తాకు పదిసార్లు ఫోన్ చేసే కక్షిదారుకు ఇంతకు మించిన ఉపకారం లేదు.

అయితే దొరికిన ప్రతిదీ నేటి చట్టం కాదు. నా లెక్కలో అసలు పని ఇక్కడే మొదలవుతుంది.

302 అంటే హత్య అని సినిమాలు చూసినవారికీ తెలుసు. 2024 జూలై 1 నుంచి హత్యకు శిక్ష, పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 103వ సెక్షన్. అందులో 302 కింద ఉన్నది మతపరమైన మనోభావాలను గాయపరిచే మాటల నేరం. పాత శిక్షాస్మృతిలో 511 సెక్షన్లు, కొత్త సంహితలో 358. పాత అంకెతో వెతికితే దశాబ్దాల తీర్పులు వస్తాయి, కొత్త అంకెతో కొన్నే. రెండూ వెతకాల్సిందే. 2024 జూలై 1కి ముందు జరిగిన నేరానికి పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది కాబట్టి, నేరం జరిగిన తేదీ చూసుకోకుండా సెక్షన్ రాయకూడదు.

దీనికన్నా ఘోరం, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలను నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఏ సంగతి. శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న దాన్ని కొట్టేసింది. ఆరేళ్ల తర్వాత కూడా 11 రాష్ట్రాల్లో ఆ సెక్షన్ కింద 745 కేసులు నడుస్తున్నాయని పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ లెక్క చూపింది. చట్టం పుస్తకంలో సెక్షన్ అలాగే అచ్చయి ఉందని, కొట్టేసిన సంగతి ఫుట్‌నోట్‌లో ఉందని అటార్నీ జనరల్ కోర్టుకు చెప్పారు. పోలీసు చూసేది సెక్షన్‌ను, ఫుట్‌నోట్‌ను ఎవరు చూస్తారు? చివరికి ఎవరినీ 66ఏ కింద ప్రాసిక్యూట్ చేయవద్దని 2022 అక్టోబరులో కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌కు, తెలంగాణకు వేర్వేరు హైకోర్టులు. అంతకుముందు రెండు ప్రాంతాలకూ తీర్పులిచ్చింది హైదరాబాద్‌లోని హైకోర్టే. గుంటూరు పొలం తగాదాకైనా, వరంగల్ ఇంటి తగాదాకైనా ఇప్పటి కోర్టు పేరు ఒక్కటే ఎంచుకుని వెతికితే పాత తీర్పులు తప్పిపోతాయి. 2019 నుంచి సుప్రీంకోర్టు కొన్ని తీర్పుల తెలుగు అనువాదాలు పెడుతోంది. విషయం అర్థం చేసుకోవడానికి అవి బాగా పనికొస్తాయి, ప్రామాణికం మాత్రం ఇంగ్లిషు పాఠమే.

ఇక చాట్‌బాట్‌లు. 2023 జూన్‌లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు ఇద్దరు లాయర్లకు, వారి సంస్థకు కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఒక విమాన సంస్థ మీద వేసిన కేసులో వాళ్లు దాఖలు చేసిన కాగితంలో అసలు ఉనికే లేని 6 తీర్పులు ఉన్నాయి. అవన్నీ చాట్‌జీపీటీ అల్లినవే. ఇవి నిజమేనా అని లాయరు దాన్నే అడిగితే నిజమేనంది!

అందుకే ఏఐ చెప్పిన తీర్పు ఏదైనా ముందు ఈ-ఎస్‌సీఆర్‌లోనో, తీర్పిచ్చిన హైకోర్టు సైట్‌లోనో తెరవండి. ఎంతమంది న్యాయమూర్తుల ధర్మాసనమో చూడండి, అంతకన్నా పెద్ద ధర్మాసనం దాన్ని తర్వాత కాదందేమో వెతకండి. మీకు కావాల్సిన పేరా మీ కళ్లతో చదివాకే కోర్టు కాగితంలో రాయండి. ఆ సైట్లలో వెతకడానికి రుసుమేమీ లేదు.