పని ఫోనుకు ఏ నెట్‌వర్క్? పటం చెప్పేది సగమే

గ్రామాల్లో విధి నిర్వహణ చాలావరకు చేతిలోని ఫోనుకు మారింది. అంగన్‌వాడీ కార్యకర్తలు 2021 మార్చిలో మొదలైన పోషణ్ ట్రాకర్ యాప్‌లోనే పిల్లల హాజరు, ఎత్తు, బరువు నమోదు చేస్తారు. ఇంటికిచ్చే పోషకాహారానికి 2025 జులై 1 నుంచి లబ్ధిదారుల ముఖ గుర్తింపు కూడా తప్పనిసరి అయింది. సిగ్నల్ అందకపోతే సరుకు కేంద్రంలో ఉన్నా, తల్లి సంచి పట్టుకుని ఎదురుచూడవలసిందే. ఆ ఫోనులో ఏ సంస్థ సిమ్ వేయాలన్నది అందుకే చిన్న ప్రశ్న కాదు.

పోల్చి చూసుకోవడానికి ఇప్పుడు ఒక ఆధారం ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 అక్టోబరు 1 నుంచి అమలులోకి తెచ్చిన నిబంధనల ప్రకారం, మొబైల్ సంస్థలు తమ సేవలు అందే ప్రాంతాల పటాలను వెబ్‌సైట్లలో ఉంచాలి. అయితే పటంలో రంగు కనిపించినంత మాత్రాన పని జరుగుతుందని కాదు. అది సాధారణంగా ఆరుబయట అందే సిగ్నల్‌కు వేసిన అంచనా. కాంక్రీటు గోడలు, రేకుల కప్పు దాటి లోపలికి ఎంత వస్తుందో చెప్పదు. పాడేరు, అరకు వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో కొండ అడ్డు వస్తే ఒకే ఊరిలో రెండు వీధులకూ తేడా ఉంటుంది.

ఫోను సంగతీ చూడాలి. 700, 850, 900 మెగాహెర్ట్జ్ వంటి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు ఎక్కువ దూరం వెళ్తాయి, గోడలను కూడా కొంత మెరుగ్గా దాటుతాయి. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీకి 700, 2100 మెగాహెర్ట్జ్ వాడుతోంది. 700ను అందుకోలేని పాత ఫోనులో ఆ సిమ్ వేసి నెట్‌వర్క్‌ను తప్పుబట్టి ప్రయోజనం లేదు. జియోకు 2జీ లేదు కనుక, ఆ సిమ్‌తో మాట్లాడాలంటే 4జీలోనే కాల్ చేయగల ఫోను కావాలి.

నమ్మదగిన పరీక్ష పని జరిగే గదిలోనే, పని వేళలోనే చేయాలి. రెండు సిమ్‌ల ఫోనులో రెండు సంస్థల సిమ్‌లు వేసి, సెట్టింగ్స్‌లో సిగ్నల్ బలం చూడవచ్చు. 4జీలో మైనస్ 90 డీబీఎం దరిదాపుల్లో ఉంటే బాగున్నట్టు. మైనస్ 115 దాటి కిందికి పోతే బలహీనం. వీడియో ఎంత వేగంగా వస్తోందన్నది ఇక్కడ అంత ముఖ్యం కాదు. ఫొటో ఇక్కడి నుంచి వెళ్తోందా, కరెంటు పోయిన గంట తరువాత కూడా వెళ్తోందా అన్నదే చూడాలి.

మరొక విషయం తరచూ మరుగున పడుతుంది. ఈ-కేవైసీ ఓటీపీ కార్యకర్త ఫోనుకు రాదు, లబ్ధిదారు ఆధార్‌కు జతచేసిన నంబరుకు వస్తుంది. తల్లి సిమ్ వేరే సంస్థదైతే, కేంద్రంలో ఆ నెట్‌వర్క్ కూడా అందాలి.

డిజిటల్ భారత్ నిధి సాయంతో వెలసిన 4జీ టవర్ల వద్ద కొంత ఊరట ఉంది. బీఎస్‌ఎన్‌ఎల్, ఎయిర్‌టెల్, జియో వినియోగదారులు ఒకే టవరును పంచుకునే సదుపాయాన్ని 2025 జనవరిలో కేంద్రం ప్రారంభించింది. మిగతా చోట్ల నంబరు మార్చకుండా సంస్థను మార్చుకునే పోర్టబిలిటీ 2011 నుంచి దేశమంతటా ఉంది. అయితే పోర్ట్ చేసే ముందు ఆ సంస్థ ప్రీపెయిడ్ సిమ్‌ను కొన్ని వారాలు రెండో స్లాట్‌లో వాడి చూడడం మేలు.