జేసీబీ మూలుగుతోందా? విప్పే ముందు వినండి

చెరువు పూడిక తీస్తున్న జేసీబీ అడుగు నుంచి కటకటమని చప్పుడు వచ్చిందంటే యజమానికి గుండె గుభేలుమంటుంది. (ఏ కంపెనీదైనా పల్లెల్లో దాని పేరు జేసీబీయే!) గంటల లెక్కన కిరాయి పోతోందన్న కంగారులో కొందరు నేరుగా గేర్‌బాక్సే విప్పిస్తారు. తీరా పోయింది షాఫ్టు క్రాస్.

మొదట తేల్చుకోవలసింది చప్పుడు ఇంజనుతో పెరుగుతోందా, చక్రంతోనా అన్నది. బండిని న్యూట్రల్‌లో నిలిపి యాక్సిలరేటర్ ఇవ్వాలి. అప్పుడే రొద పెరిగితే ఇంజనునో, కన్వర్టరునో, హైడ్రాలిక్ పంపునో అనుమానించాలి. లీవరు లాగినప్పుడే కూత పెడితే పంపు వైపు చూడాలి. హైడ్రాలిక్ ఆయిల్ తగ్గినా, గాలి చేరినా పంపు అరుస్తుంది.

బండి కదిలితేనే చప్పుడైతే షాఫ్టు, డిఫరెన్షియల్, హబ్బులు చూడాలి. ముందుకూ వెనక్కూ మార్చగానే 'టక్'మని కొడితే చాలాసార్లు క్రాస్ బేరింగులే. బకెట్ నేలకు దించి, ఇంజను ఆపి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి షాఫ్టును చేత్తో కదిపితే వదులు తెలిసిపోతుంది. కాళ్ల మీద లేపిన బండి కిందికి మాత్రం ఎవరూ దూరరాదు. మలుపులోనే గరగరలాడితే డిఫరెన్షియల్ లోపలి పళ్లు చూడాలి. అయితే నాలుగు చక్రాల గేరు వేసి తారురోడ్డు మీద తిప్పినా బిగుసుకుని చప్పుడు చేస్తుంది. అది జబ్బు కాదు, ఆ గేరు తీసేస్తే సరి.

ఆఖరి సాక్ష్యం ఆయిలే. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి సన్నని బూడిదరంగు ముద్ద అంటుకోవడం మామూలే. ఇనుప పలుకులు తగిలితే మాత్రం ఆ పూటే బండి ఆపాలి. ఇంకో చెరువు పని కానిద్దామని నడిపితే బేరింగుతో పోయేది క్రౌను, పినియను దాకా పాకుతుంది.